కొండ దిగిన కచేరి

బ్రాడీపేటలో చిరునామాకు రెండు అంకెలు చాలు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే ఆటో అతను మరో మాట అడగడు. పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి, ఒంగోలు దాకా ఉన్న మిరప, పత్తి పల్లెల నుంచి జబ్బు చేసినవాళ్లూ చదువుకునేవాళ్లూ రోజూ ఇక్కడికే వస్తారు. ఒక లైను పొడవునా ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులు. ఆ పక్క లైనులో హాస్టళ్లు, మెస్సులు, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు. శంకర్‌విలాస్ సెంటరు దగ్గర రైలు కట్ట దాటితే కొత్తపేట, ఇంకా ముందుకు పోతే పాత గుంటూరు. బ్రాడీపేట, దాన్ని ఆనుకున్న అరండల్‌పేట రెండూ ఇంగ్లిషు అధికారుల పేర్లతో వెలసిన పేటలు. గుంటూరులో దొరల కాలం అనగానే అందరికీ ఈ రెండు పేర్లే గుర్తొస్తాయి.

అంతకు ముందు ఇంకో దొరతనం నడిచింది. దాని పేరు మీద పేట లేదు, రోడ్డు లేదు, విగ్రహం లేదు. కానీ ఈ ఊరు ఇవాళ జిల్లాకు కేంద్రంగా ఉండటానికి మొదటి కారణం అదే.

బ్రాడీపేట కోచింగ్ గదుల్లో కర్ణాటక యుద్ధాలు తప్పకుండా చెప్తారు. డూప్లే, బుస్సీ, ఉత్తర సర్కారులు, 1753. గ్రూప్స్ రాసే పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఆ పాఠం జరిగిన చోటు తాము టిఫిను తినే సెంటరు నుంచి ఆటో దూరంలో ఉందని మాత్రం వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ. ఫ్రెంచి సామ్రాజ్యపు గుర్తులు చూడాలనుకునేవాళ్లు పాండిచ్చేరి వెళ్తారు, వీలైతే పారిస్ వెళ్లి నెపోలియన్ సమాధి చూసి వస్తారు. తప్పేమీ లేదు. గుంటూరు వాళ్లకు మాత్రం ఆ యాత్ర ఇంటి దగ్గరే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

కథ హైదరాబాదు గద్దె తగాదాతో మొదలవుతుంది. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతుడయ్యాడు. ఫ్రెంచివాళ్ల అండతో ముజఫర్ జంగ్ నిజాము అయ్యాడు. మచిలీపట్నం వాళ్ల చేతికి వచ్చింది. 1751 ఫిబ్రవరిలో ముజఫర్ జంగ్ కూడా హైదరాబాదు దారిలోనే చనిపోయాడు. అప్పుడు సైన్యం వెంట ఉన్న బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను నిజాముగా నిలబెట్టి, అతనితో పాటు దక్కనుకు వెళ్లాడు. అక్కడి నుంచి ఏడేళ్ల పాటు హైదరాబాదు దర్బారులో ఆ ఫ్రెంచి సేనాని మాటకు ఎదురు లేదు. కానీ సైన్యానికి జీతాలివ్వాలి. నిజాము ఖజానా నుంచి డబ్బు సమయానికి వచ్చేది కాదు. జీతాల కోసం బుస్సీ అడిగింది నగదు కాదు, భూమి శిస్తు. 1752 నాటికి కొండవీటి సీమ ఫ్రెంచి వాళ్ల కిందికి వచ్చింది. 1753 చివరికి కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు నాలుగూ వాళ్ల పరమయ్యాయి. మచిలీపట్నంలో కూర్చుని ఈ లెక్కలన్నీ చూసిన ఫ్రెంచి అధికారి పేరు మొరాసిన్.

ఆ 1752లోనే కొండవీటి సీమ కచేరి కొండవీడు నుంచి గుంటూరుకు దిగింది. అప్పటికి గుంటూరు కొత్త ఊరేమీ కాదు. వేంగీ చాళుక్య రాజు మొదటి అమ్మరాజు ఈడేరు తామ్రశాసనాల్లో, అంటే పదో శతాబ్దంలోనే ఈ పేరు కనిపిస్తుంది. పాత గుంటూరు అగస్త్యేశ్వరాలయం చుట్టూ ఉన్న ఊరికి వెయ్యేళ్ల వయసు ఉంది. అందుకే కొన్ని విజ్ఞాన సర్వస్వాలు రాసినట్టు గుంటూరును ఫ్రెంచివాళ్లే స్థాపించారన్న మాటను నేను ఒప్పుకోను. వాళ్లు చేసింది వేరు. ఒక పల్లెను సీమకంతటికీ ముఖ్యపట్టణం చేశారు. ఈ ఊళ్లో రెండు పెద్ద చెరువులు ఉండటం, నీటికి కొదవ లేకపోవడం దానికి కారణమై ఉంటుందని చరిత్రకారులు రాశారు. నల్లచెరువు అన్న పేరు నేటికీ నగరంలో ఒక పేటకు నిలిచింది. చెరువు ఎటుపోయిందని ఆ పేట పిల్లలను అడిగితే నవ్వి ఊరుకుంటారు.

నీళ్లతో పాటు ఇంకో కారణం కూడా ఉంటుందని కొండవీడు ఎక్కినవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బ్రాడీపేట నుంచి ఫిరంగిపురం మీదుగా పోతే గంటలోపే కొండ కిందికి చేరతాం. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు, కార్లు పైదాకా పోతాయి. రెడ్డిరాజులు అద్దంకి నుంచి వచ్చి ఇక్కడ రాజధాని పెట్టారు; 1515లో కృష్ణదేవరాయలు గెలిచాడు; ఆ శతాబ్దం చివరి భాగంలో గోల్కొండ వాళ్లు పట్టుకుని ముర్తజానగర్ అని పేరు మార్చారు. పైన పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. వానాకాలం పోతే మూడు చెరువుల గట్ల మీద తిరగడం ఒక సుఖం. కోట గోడ పక్కన నిలబడి తూర్పు వైపు చూస్తే మైదానమంతా చదునుగా కనిపిస్తుంది: పత్తి చేలు, మిరప చేలు, పొగాకు. శత్రువు వస్తే దాక్కోవడానికి ఈ కొండ బాగుంటుంది. రైతు శిస్తు కట్టడానికి, వర్తకుడు బళ్లు తోలుకు రావడానికి, నిజాంపట్నం రేవు నుంచి సరుకు రావడానికి కొండ అడ్డమే. బుస్సీ మనుషులకు కావలసింది శిస్తు. శిస్తు కోసం వచ్చినవాళ్లు కొండ మీద ఎందుకుంటారు? మైదానం మధ్యకు దిగారు.

పాత గుంటూరు వీధుల్లో ఫ్రెంచివాళ్లు కట్టారని చూపించదగ్గ గోడ ఒక్కటీ నా కంట పడలేదు. వాళ్ల గురించి చెప్పే బోర్డూ కనపడలేదు. ఉన్నది ఊరు నిలబడిన చోటు మాత్రమే. 1788లో ఇంగ్లిషు వాళ్లు వచ్చినా కచేరిని తిరిగి కొండ మీదికి మార్చలేదు. 1866లో పురపాలక సంఘం ఏర్పడింది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది, రైలు వచ్చింది, రైలు కట్ట ఇవతల పేటలు పెరిగాయి, బ్రాడీపేట లైన్లు గీశారు. కచేరి ఉన్న చోటికి వకీళ్లు వచ్చారు, వకీళ్ల వెనుక బడులు, బడుల వెనుక ఆసుపత్రులు. ఇవాళ నాలుగో లైనులో గుండె డాక్టరు కోసం టోకెను పట్టుకుని కూర్చున్న రొంపిచర్ల రైతు, 1752 నాటి ఆ నిర్ణయం పుణ్యాన ఈ ఊరికి వచ్చాడు. నరసరావుపేటకో ఇంకెక్కడికో పోవలసినవాడు ఇక్కడికి వచ్చాడు.

1759లో మచిలీపట్నం పోగానే సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పని అయిపోయిందని పాఠ్యపుస్తకాలు ముగిస్తాయి. గుంటూరు సీమలో అది మరో ఇరవై ఏళ్లు నడిచింది. ఈ భాగం నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది, అందరూ దాటేసేదీ ఇదే.

1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఇంగ్లిషు కంపెనీకి దక్కాయి, ఒక్క గుంటూరు సర్కారు తప్ప. దాన్ని అప్పటి నిజాము నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం జాగీరుగా అనుభవించాలని రాసుకున్నారు. బసాలత్ జంగ్ ఉండేది ఆదోనిలో. అతని కొలువులో లాలీ అనే సేనాని కింద ఒక ఫ్రెంచి దళం ఉండేది. పాండిచ్చేరిని పోగొట్టి, పారిస్‌లో 1766లో తల కోయించుకున్న లాలీ వేరు, ఈయన వేరు. ఈ దళానికి మనుషులు, మందుగుండు ఎక్కడి నుంచి వచ్చేవి? మన మోటుపల్లి రేవు నుంచి. ఇప్పటి చినగంజాం దగ్గరి మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన ఊరు. అయిదు వందల ఏళ్ల తరవాత అదే రేవులో ఫ్రెంచి ఓడలు ఆగాయి.

మద్రాసులోని ఇంగ్లిషు వాళ్లకు ఇది కంట్లో నలుసైంది. 1779లో గవర్నరు రంబోల్డ్ నిజాముకు చెప్పకుండా నేరుగా బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకున్నాడు: ఫ్రెంచి దళాన్ని పంపెయ్యాలి, గుంటూరును కంపెనీకి కౌలుకు ఇవ్వాలి. ఆ పైన ఆ కౌలును ఆర్కాటు నవాబుకు తిరిగి కౌలుకిచ్చాడు. నిజాం అలీకి ఒళ్లు మండింది. తన తమ్ముడితో తన వెనుక బేరమా అని హైదర్ అలీతోనూ మరాఠాలతోనూ చెయ్యి కలిపాడు. పంపేసిన లాలీ దళం చివరికి హైదర్ పక్షాన చేరింది. 1780 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఇంగ్లిషు సైన్యం చిత్తుగా ఓడిన యుద్ధంలో లాలీ కూడా ఉన్నాడు. రెండో మైసూరు యుద్ధానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇంగ్లిషు వాళ్లు మాహేను పట్టుకోవడం వాటిలో పెద్దది. గుంటూరు కౌలు కాగితం కూడా ఆ కారణాల్లో ఒకటి. వారన్ హేస్టింగ్స్ మద్రాసు వాళ్లను మందలించి గుంటూరును బసాలత్ జంగ్‌కు తిరిగి ఇప్పించాడు. 1782లో అతను చనిపోయాక కూడా నిజాము వెంటనే వదల్లేదు. 1788లో గానీ సీమ కంపెనీ చేతికి రాలేదు.

ఇంత జరిగిన మోటుపల్లిలో ఇవాళ చూడటానికి వీరభద్రస్వామి గుడి, శాసన స్తంభం, ఆ వెనుక ఇసుక, సముద్రం ఉన్నాయి. చీరాల వైపు బీచికి పోయే కార్లన్నీ ఆ రోడ్డు పక్కగానే పోతాయి. ఒక్క పూట అటు మళ్లమని నా మనవి.

పేరులోనైనా ఫ్రెంచివాళ్లు మిగిలిన ఊరు చూడాలంటే బందరు, అంటే మచిలీపట్నం, పోవాలి. తెనాలి, రేపల్లె దాటి, పెనుమూడి దగ్గర కృష్ణమ్మ మీద వంతెన ఎక్కి, అవతల పులిగడ్డలో దిగితే చల్లపల్లి మీదుగా దారి. బందరులో మూడు పేర్లు వరసగా వింటాం: ఇంగ్లిషుపాలెం, వలందపాలెం, ఫ్రెంచిపేట. వలందులంటే డచ్చివాళ్లు. 1669లో గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా సంపాదించి ఇక్కడ ఫ్రెంచి వర్తకశాల పెట్టించింది మర్కారా అనే ఆర్మీనియను. సూరతు తరవాత ఫ్రెంచి కంపెనీ కాలుపెట్టిన తొలి చోట్లలో బందరు ఒకటి. పాండిచ్చేరిని నిలబెట్టిన ఫ్రాన్స్వా మార్తాన్ కూడా అంతకు ముందు బందరులో పనిచేసినవాడే. ఆ లెక్కన పాండిచ్చేరికి బందరు అక్క. ఇంకో సంగతి. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరినా, బందరులోని ఆ చిన్న ఫ్రెంచి స్థలం చట్టం ప్రకారం ఫ్రాన్సుదే. అదే ఏడాది అక్టోబరులో కోళిక్కోడు, సూరతుల్లోని స్థలాలతో పాటు దాన్నీ మన ప్రభుత్వానికి అప్పగించారు.

ఊరికి కాస్త దూరంలో బందరుకోట. ఉప్పు నేల, బురద, పడిపోతున్న ఇటుక గోడలు. ఫ్రెంచి సామ్రాజ్యం మన సీమలో కూలింది ఇక్కడే. బొబ్బిలి యుద్ధంలో విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చాక, అతని తరవాత విజయనగరం గద్దె ఎక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీద తిరగబడ్డాడు. విశాఖపట్నం పట్టుకుని, బెంగాలులో ఉన్న క్లైవుకు కబురంపాడు. క్లైవు కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడి బందరు పారిపోయాడు. ఫోర్డ్ వెంటపడ్డాడు. చేతిలో డబ్బు లేదు, సైనికులు జీతాల కోసం గొడవ చేశారు, నిజాము సైన్యం దగ్గరకు వస్తోంది. 1759 ఏప్రిల్ 7 రాత్రి తన సైనికులను బురదలో నడిపించి కోట మీదికి ఎక్కించాడు. తన సైన్యం కంటే ఎక్కువ మంది లోపల ఉన్న కోటను తెల్లారేసరికి పట్టుకున్నాడు. ఫ్రెంచి సాయం మోసుకొచ్చిన ఓడలు కొద్ది రోజులు ఆలస్యంగా వచ్చి, జెండా మారడం చూసి తిరిగి పోయాయి. మే నెలలో సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం ఇంగ్లిషు వాళ్లకు రాసిచ్చాడు.

ఆ గోడల పక్కన నిలబడ్డప్పుడు 1759 అనే అంకె నన్ను ఇంకో వైపు లాక్కెళ్లింది. ఫ్రాన్సులో 1686 నుంచి మన అద్దకపు బట్టల మీద నిషేధం ఉండేది. బందరు కలంకారీ, పువ్వుల చీటీగుడ్డ అక్కడి ఆడవాళ్లకు ఎంత నచ్చిందంటే, పట్టు, ఉన్ని నేతగాళ్లు రాజు దగ్గర మొరపెట్టుకున్నారు. దిగుమతి ఆగింది, అచ్చువెయ్యడం ఆగింది, కట్టుకోవడమూ నేరమైంది. అయినా దొంగచాటుగా కట్టుకుంటూనే ఉన్నారు. ఆ నిషేధం ఎత్తేసిన సంవత్సరం 1759. మరుసటి ఏడాది, 1760లో, పారిస్ దగ్గర జుయీ అనే ఊళ్లో ఓబర్‌కాంఫ్ అద్దకం కర్మాగారం తెరిచాడు. మొదట్లో మన దేశపు తెల్లబట్ట మీదే అచ్చులు వేశారు. 1806లో నెపోలియన్ చక్రవర్తి స్వయంగా ఆ కర్మాగారానికి వెళ్లి, ఓబర్‌కాంఫ్‌కు లెజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఇచ్చాడు. జుయీలో ఇప్పుడు ఆ గుడ్డల మ్యూజియం ఉంది. బందరు కోల్పోయిన ఏడాదే ఫ్రాన్సు మన అద్దకపు విద్యను తన ఊళ్లో పెట్టుకునే దారి తెరుచుకుంది. ఈ రెంటికీ నేరుగా సంబంధం లేదు. కానీ పెడనలో కలంకారీ అచ్చు చెక్కే పనివాడి ముందు కూర్చుంటే రెండూ ఒకే కథగా వినిపిస్తాయి.

ఎర్ర రంగుకు అప్పట్లో వాడిన చిరివేరు ఈ తీరంలోనే దొరికేది. నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుక నేలల వేరుకు ఐరోపా వర్తకుల పుస్తకాల్లో ప్రత్యేకమైన పేరుంది. డచ్చి, ఇంగ్లిషు, ఫ్రెంచి వాళ్లందరూ ఈ చిన్న రేవుల కోసం కొట్టుకోవడానికి ఈ వేరు, ఈ నూలు, ఈ నేతగాళ్లే మూలం. కోటలు, తుపాకులు ఆ తరవాత వచ్చాయి.

బందరు దారిలోనే ఘంటసాల తగులుతుంది. తప్పకుండా ఆగండి. బౌద్ధ స్తూపం దిబ్బ ఇక్కడుంది. ఈ ఊరి సున్నపురాతి శిల్పాలు కొన్ని ఇప్పుడు పారిస్‌లో గిమే మ్యూజియంలో ఉన్నాయి. బోధి వృక్షం కింద మారుడి దండయాత్ర చెక్కిన రాయి వాటిలో ఒకటి. ఆ మ్యూజియం ఉన్న కూడలి పేరు యేనా. 1806లో ప్రష్యా సైన్యాన్ని నెపోలియన్ ఓడించిన చోటు పేరు అది. చక్రవర్తి విజయం పేరు పెట్టుకున్న కూడలిలో కృష్ణా తీరపు శిల్పి చెక్కిన రాయి ఉంది. పారిస్ వెళ్లే గుంటూరు పిల్లలు ఈఫిల్ టవరు ముందు ఫొటో దిగుతారు. గిమే మ్యూజియం అక్కడికి నడక దూరమే. అందరూ చూసి రావాలి. ఇటువైపు కూడా ఒక ఫ్రెంచి మనిషి మేలు చేశాడు. పాండిచ్చేరి ఆచార్యుడు జూవో దుబ్రయి 1926లో పల్నాటి గోలి గ్రామంలో స్తూపం శిల్పాలను వెలుగులోకి తెచ్చాడు. ఆ శిల్పాలు చాలావరకు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి.

బొబ్బిలి అందరికీ తెలిసిందే కనుక ఎక్కువ చెప్పను. 1757 జనవరి 24న జరిగిన ఆ ఘోరం జముకుల కథల్లో, సినిమాల్లో బతికే ఉంది. యుద్ధం జరిగిన చోట 1891లో నిలిపిన స్మారక స్తంభం ఉంది. బుస్సీ ఆ వైపు వెళ్లింది బకాయి పడ్డ కప్పాల కోసం అని మాత్రం గుర్తు పెట్టుకోవాలి. గుంటూరులో కచేరి దించిన లెక్కా, బొబ్బిలిలో పిల్లలతో సహా చనిపోయిన కోటా ఒకే ఖాతాలోవి. మన జానపదులు పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ల, పేరు తలిచినప్పుడల్లా ఆ కోపం ఎందుకు వినిపిస్తుందో దానితో తెలుస్తుంది.

యానాంకు రావులపాలెం, అమలాపురం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కి వెళ్తే గౌతమి గోదావరి ఒడ్డునే దిగుతాం. 1723లో మొదలై, నాలుగేళ్లకు మూతపడి, 1731లో మళ్లీ తెరుచుకున్న ఫ్రెంచి స్థావరం. యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లిషు వాళ్లు పట్టుకునేవారు, సంధి కుదరగానే వదిలేవారు. నెపోలియన్ పతనం తరవాత 1814 పారిస్ సంధి ప్రకారం ఫ్రాన్సుకు ఇలాంటి ఊళ్లు తిరిగి వచ్చాయి, ఒక షరతుతో: కోట కట్టకూడదు, పోలీసు అవసరానికి మించి సైన్యం ఉంచకూడదు. అందుకే యానాంలో చూడటానికి కోట లేదు. గోదావరి గట్టు, పాత పరిపాలనాధికారి బంగళా, కాథలిక్ చర్చి, నిటారు వీధులు ఉన్నాయి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విమోచన జరిగింది. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. కాగితాల మీద పూర్తి విలీనం 1962 ఆగస్టు 16న. తెలుగు నేల మీద ఫ్రెంచి పాలన పాలనగానే కనిపించే చోటు ఇదొక్కటే.

బ్రాడీపేట పిల్లలకు మరీ దగ్గరైన గుర్తు హైదరాబాదులో ఉంది. ఇక్కడ కోచింగ్ అయ్యాక చాలామంది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు పోతారు. మెట్రోలో దానికి ముందు స్టేషను ముసారాంబాగ్. ఆ పేటకు ఆ పేరు ఫ్రెంచి సేనాని రేమండ్ నుంచి వచ్చింది. జనం నోట ఆయన మూసా రాము అయ్యాడు. 1755లో ఫ్రాన్సులో పుట్టి, నిజాం అలీ కొలువులో చేరి, పద్నాలుగు వేలమంది సైన్యాన్ని తయారుచేసి, ఫిరంగులు పోతపోసే కార్ఖానా నడిపి, 1798 మార్చి 25న చనిపోయాడు. ఆ కార్ఖానాయే గన్‌ఫౌండ్రీ. ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట మీద ఆయన సమాధి, పక్కన ఎత్తైన రాతి స్తంభం ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ఆయన వర్ధంతికి స్థానికులు ఉరుసు జరిపారు. 2001 వానలకు పక్కనున్న మంటపం కూలిపోతే మళ్లీ కట్టారు.

రేమండ్ చచ్చిన కొద్ది నెలలకు నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఫ్రెంచివాళ్ల భయంతోనే గవర్నరు జనరల్ వెల్లెస్లీ 1798 సెప్టెంబరులో నిజాముతో సంధి రాయించుకుని, అక్టోబరు 22న హైదరాబాదులోని ఫ్రెంచి దళం చేత ఆయుధాలు కింద పెట్టించాడు. ఒక్క తూటా పేలలేదు. జీతాల బకాయిల మీద సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు. 1799 జనవరిలో కైరో నుంచి టిప్పుకు నెపోలియన్ రాసిన ఉత్తరం ఇంగ్లిషు వాళ్ల చేతిలో పడింది, మే నెలలో శ్రీరంగపట్టణం పడిపోయింది. బుస్సీ రోజుల్లో జీతాల కోసమే మొదలైన ఫ్రెంచి బలం, జీతాల గొడవతోనే ముగిసింది.

ఆ జీతాలు కట్టింది ఎవరన్నది ఏ సమాధి మీదా లేదు. కొండవీటి సీమ రైతు కట్టాడు. ఆ రోజుల్లో ఇక్కడ జొన్న, పత్తి, నువ్వులు. పల్లెల్లో కరణాలు రాసిన లెక్కలు, తరవాత కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతులు గుంటూరు సీమకు ఎన్నో ఉన్నాయి. ఏ ఊళ్లో చెరువు ఎవరు తవ్వించారు, ఏ దొర కాలంలో అమలు ఎవరు చేశారు అన్న వివరాలు వాటిలో తెలుగులోనే ఉన్నాయి. రేమండ్ స్తంభం చూసినంత ఆసక్తితో మన ఊరి కైఫీయతును కూడా చదవాలి. జిల్లా గ్రంథాలయాలు వాటిని అందుబాటులో ఉంచితే కోచింగ్ పుస్తకాల కన్నా ఎక్కువే నేర్పుతాయి.

గుంటూరు నగరపాలక సంస్థకు, పురావస్తు శాఖకు ఒక విన్నపం. పాత గుంటూరులో, అగస్త్యేశ్వరాలయం దగ్గర గానీ నల్లచెరువులో గానీ ఒక రాతి పలక పెట్టండి. 1752లో కొండవీటి కచేరి ఇక్కడికి దిగిందని, 1788 దాకా ఈ సీమ ఎవరెవరి చేతుల్లో నలిగిందని నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. మోటుపల్లి శాసనం పక్కన లాలీ ఓడల ముచ్చట ఒక వాక్యం చేర్చండి. బందరుకోట గోడలు ఇంకో రెండు తుపానులు తట్టుకోలేవు. వాటికి కంచె, కాపలా మనిషి కావాలి. బ్రాడీపేటలో చరిత్ర చెప్పే మాస్టార్లకు కూడా ఒక మాట: కర్ణాటక యుద్ధాల పాఠం అయిన వారం, ఒక ఆదివారం పొద్దున పిల్లలను బస్సు ఎక్కించి కొండవీటికి తీసుకెళ్లండి. మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.